జాజికాయ దీవిలో గాలివాన లెక్కలు

ఇల్లు చేరి నాలుగు రోజులైంది. సంచి విప్పితే ఇంకా జాపత్రి వాసనే. మా చెల్లెలి కూతురు గ్రెనడా అనే కరీబియన్ దీవిలో మెడిసిన్ చదువుతోంది. మూడేళ్లుగా "మావయ్యా, ఎప్పుడొస్తావ్?" అని ఫోన్లో సతాయిస్తుంటే 2025 జనవరి చివర్లో బయల్దేరాను. దారిలో ఎలాగూ తగులుతుందని బార్బడోస్‌లో మూడు రోజులు ఆగాను. వెళ్లేముందు నాకు కరీబియన్ అంటే క్రికెట్టూ, నీలం నీళ్లూ. అంతకుమించి ఏమీ తెలియదు.

జనవరి 31, శుక్రవారం. ఓయిస్టిన్స్, బార్బడోస్

దిగిన గంటలోపే నా టోపీ పోయింది. మా తమ్ముడి కొడుకు ఇచ్చిన టోపీ, మిలిటరీ ఆకుపచ్చ మచ్చలది. విమానాశ్రయంలో ఓ పెద్దావిడ మర్యాదగా "అది సంచిలో పెట్టెయ్యండి, ఊరెళ్లేదాకా తియ్యకండి" అంది. ఇక్కడ ఆ డిజైను గుడ్డ సైనికులు తప్ప ఎవరు వేసుకున్నా చట్టవిరుద్ధమట. గ్రెనడాలోనూ అంతే. ఎండకి మాడుతూ బయటికొచ్చాను.

సాయంత్రం జెడ్ఆర్ ఎక్కాను. నంబరు ప్లేటు మీద ఆ రెండక్షరాలుండే తెల్ల వ్యాన్లు ఇవి, మన సెవెన్ సీటర్ ఆటోలకి అన్నగార్లు. పాటలు చెవులు పగిలేలా, మనుషులు ఒకరి ఒళ్లో ఒకరు. ఎంత దూరమైనా మూడున్నర బార్బడోస్ డాలర్లు, మన లెక్కలో నూట యాభై రూపాయలు. రెండు బార్బడోస్ డాలర్లకి ఒక అమెరికా డాలరు. 1975 నుంచీ ఈ లెక్క మారలేదు. ఎక్కిన ప్రతి మనిషీ లోపలున్న అందరికీ "గుడ్ ఈవినింగ్" చెప్పడం గమనించాను. ఆ రొదలో ఎవరికీ వినపడదు, అయినా చెబుతారు.

గమనించాను గానీ నేర్చుకోలేదు. ఓయిస్టిన్స్ చేపల రేవులో శుక్రవారం రాత్రి బొగ్గుల మీద చేపలు కాల్చే కొట్లు బారులు తీరతాయి. ఒక కొట్టు దగ్గరికెళ్లి "ఇదెంత?" అన్నాను. ఆవిడ చేప తిప్పుతూనే నా వంక చూసి "గుడ్ ఈవినింగ్" అని ఆగింది. నేను మళ్లీ "ఎంత?" అన్నాను. ఆవిడ మళ్లీ "గుడ్ ఈవినింగ్" అంది, ఈసారి కాస్త గట్టిగా. అప్పుడు వెలిగింది. చెప్పాను. మొహం విప్పారింది, ముక్క కూడా పెద్దది పడింది. ఆ తర్వాత తొమ్మిది రోజులూ నేను కుక్కలక్కూడా గుడ్ మార్నింగ్ చెప్పాను.

బోర్డు మీద "డాల్ఫిన్" అని చూసి గుండె ఆగినంత పనైంది. అది మనం అనుకునే డాల్ఫిన్ కాదు, మాహీ మాహీ అనే చేప. దాంతోపాటు మాకరోనీ పై అనే బరువైన పదార్థం. నలభై ఐదు డాలర్లు, అంటే దగ్గరదగ్గర రెండు వేల రూపాయలు. వాళ్ల జాతీయ వంటకం ఎగిరే చేప, మొక్కజొన్న పిండి సంకటి. ఎగిరే చేప ఉందా అంటే లేదంది. "ఒకప్పుడు ఇక్కడ మేం కాదన్నా వచ్చి పడేది."

ఫిబ్రవరి 1, 2. బ్రిడ్జ్‌టౌన్, బత్‌షీబా

తెలుగువాడు బ్రిడ్జ్‌టౌన్ వెళ్లి కెన్సింగ్టన్ ఓవల్ చూడకుండా ఎలా? 2024 జూన్ 29న ఇక్కడే మనం టీ20 ప్రపంచకప్ గెలిచాం. మన సిరాజ్ కూడా ఆ జట్టులో ఉన్నాడు. గెలిచాక జట్టు కదల్లేకపోయింది, బెరిల్ హరికేన్ వస్తోందని విమానాశ్రయం మూసేశారు. వాళ్లు హోటల్లో చిక్కుకున్నారని మన టీవీల్లో రెండ్రోజులు ఒకటే గోల. నేనూ టీవీ ముందు కూర్చుని "అయ్యో పిల్లలు" అనుకున్నవాణ్ణే. ఆ గాలివాన ఆ తర్వాత ఎవరి మీద పడిందో కనుక్కోవాలని నాకు తోచలేదు. జులై 4న మన ఛానెళ్లలో విజయయాత్ర.

బెరిల్ బార్బడోస్‌కి దక్షిణంగా జారిపోయింది. అయినా జులై 1న దాని అలలు చేపల రేవులోకి చొరబడి దాదాపు 200 పడవల్ని ఒకదాని మీదకొకటి విసిరాయి. ఏడు నెలలైనా కొన్ని ఇంకా ఒడ్డున కర్రల మీద నిలబెట్టే ఉన్నాయి. ఓ పడవ పక్కన కూర్చుని వల బాగుచేసుకుంటున్న పెద్దాయన్ని (ముందు గుడ్ మార్నింగ్!) అడిగాను. గాలి తగల్లేదు కదా, ఇంత నష్టమేమిటని. "గాలి పక్కింటికి వెళ్లింది, నీళ్లు మా ఇంటికొచ్చాయి" అన్నాడు.

మధ్యాహ్నం ఎక్కిన టాక్సీ డ్రైవరు ఊరికే వదల్లేదు. మా ప్రధాని మియా మోట్లీ తెలుసా అన్నాడు. పేరు విన్నానన్నాను. ఇక మొదలెట్టాడు. 2018లో ఆవిడ గద్దెనెక్కిన వారాల్లోనే విదేశీ అప్పుల చెల్లింపు ఆపేసింది. తర్వాత పాత అప్పుల్ని కొత్త బాండ్లుగా మార్చేటప్పుడు ఒక షరతు పెట్టించింది: పెద్ద హరికేనో భూకంపమో వస్తే రెండేళ్లపాటు వాయిదాలు కట్టం. 2022లో ఆ ఆలోచనకి మరికొన్ని కలిపి బ్రిడ్జ్‌టౌన్ ఇనీషియేటివ్ అని ప్రపంచం ముందు పెట్టింది. మన దగ్గర టాక్సీ ఎక్కితే సినిమా గురించో రియల్ ఎస్టేట్ గురించో చెబుతారు. ఇక్కడ బాండు షరతులు చెప్పారు. మొదట నవ్వొచ్చింది. తర్వాత అనిపించింది, మా కోనసీమలో ఏ రైతుకి బ్యాంకు అప్పు రీషెడ్యూలంటే తెలియదు? ఇక్కడ దేశమే ఆ రైతు.

రెండో తేదీ తూర్పు తీరంలో బత్‌షీబా. బస్సు తప్పెక్కి చెరకు తోటల మధ్య గంటన్నర తిరిగాను, అదీ మంచిదే అయింది. ఈ దీవి మొత్తం ఒకప్పుడు చెరకే, ఇప్పుడు పంచదార తీసే ఫ్యాక్టరీ ఒక్కటి మిగిలింది. బీడు పడ్డ మడులు చాలా కనిపించాయి. ఒడ్డున ఎండిన సర్గాసమ్ నాచు గుట్టలు, కుళ్లిన గుడ్ల వాసన. 2011 నుంచీ సముద్రం మీద తెట్టుగా కొట్టుకొచ్చి తీరాల మీద పడుతోందట. హోటళ్లకి అదో ఖర్చు, జాలర్లకి వల నిండా గడ్డి. ఫొటోల్లో ఎవరూ చూపించరు.

ఫిబ్రవరి 3. సెయింట్ జార్జెస్, గ్రెనడా

కొండల మధ్య గుర్రపు డెక్క ఆకారంలో రేవు, చుట్టూ ఎర్ర పెంకుల ఇళ్లు. మేనకోడలు విమానాశ్రయానికి వచ్చి "మావయ్యా, చిక్కిపోయావ్" అంది. అబద్ధం. ఊరు నడిచి చూద్దామని సెండాల్ సొరంగంలోకి దూరాను. పంతొమ్మిదో శతాబ్దపుది. ఒకే వరసలో కార్లూ మనుషులూ కలిసే వెళ్లాలి. లోపల సగం దూరంలో లారీ ఎదురైతే గోడకి బల్లిలా అతుక్కున్నాను. డ్రైవరు ఆగి, తల బయటపెట్టి, "గుడ్ ఆఫ్టర్‌నూన్" అన్నాడు.

ఇక్కడ డబ్బు తూర్పు కరీబియన్ డాలరు. సుమారు ముప్ఫై రెండు రూపాయలు. మా అమ్మాయి సరుకులకి సూపర్ మార్కెట్టుకి తీసుకెళ్లింది. కోడి తొడలు అమెరికావి, పాలపొడి, ఉల్లి, బంగాళాదుంప, బియ్యం, అన్నీ ఓడ దిగినవే. బయట కొండల మీద మామిడి, అరటి, సీమపనస విరగకాసి ఉంటే లోపల ప్లాస్టిక్‌లో చుట్టిన అమెరికా ఆపిల్. ఈ దేశాల కూటమి కారికామ్ 2025 నాటికి దిగుమతి తిండి బిల్లు పాతిక శాతం తగ్గించాలని గడువు పెట్టుకుంది. నేను వెళ్లింది ఆ ఏడే. బిల్లు చూసి మా చెల్లెలు నెలనెలా ఎందుకు నిట్టూరుస్తుందో అర్థమైంది.

దేశం మొత్తం జనాభా లక్షా పాతికవేల లోపు. మా అమలాపురం చుట్టుపక్కల నాలుగు మండలాలు కలిపితే అంతకంటే ఎక్కువే ఉంటారు. అంతమందికి ఒక జెండా, ఒక ఐక్యరాజ్యసమితి కుర్చీ, ఒక అప్పుల పద్దు.

ఫిబ్రవరి 4. గ్వావ్

రాసేది గౌయావ్ లాగా, పలికేది గ్వావ్. పడమటి తీరపు ఊరు. బస్సులో మా అమ్మాయి "దిగేటప్పుడు పైకప్పు మీద తట్టాలి మావయ్యా" అంది. తట్టాను, చాలా ముందే. ఎండలో ఇరవై నిమిషాల నడక.

జాజికాయ స్టేషను చెక్కతో కట్టిన మూడంతస్తుల పాత గోదాము. గుమ్మంలోనే వాసన కమ్మేసింది, మా అమ్మ తాంబూలం పళ్లెం ఎవరో ఇల్లంత చేసినట్టు. దేశం జెండాలోనే జాజికాయ బొమ్మ ఉంటుంది. ఒకప్పుడు ఇండోనేషియా తర్వాత ప్రపంచానికి జాజికాయ పంపింది ఈ చిన్న దీవే. కాయ పగిలితే లోపల నల్లటి పెంకు, దానిమీద ఎర్రటి వలలా జాపత్రి. పెంకుతోనే కాయల్ని చెక్క తట్టల్లో నీడన ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆరబెడతారు, పగలగొట్టి పప్పును నీళ్లలో వేస్తారు. మునిగింది మంచిది, తేలింది నూనెకి. బల్లల ముందు కూర్చుని ఏరుతున్నవాళ్లంతా పెద్ద వయసు ఆడవాళ్లే. ఒకావిడ నా చేతిలో జాపత్రి పెట్టి మూసింది. పై అంతస్తులో తట్టలు చాలావరకు ఖాళీ.

"ఐవన్‌కి ముందు ఇక్కడ కాలు పెట్టడానికి చోటుండేది కాదు" అంది తిప్పి చూపించినావిడ. 2004 సెప్టెంబరు 7న ఐవన్ హరికేన్ దీవిలో నూటికి తొంభై ఇళ్లని దెబ్బతీసింది. నష్టం దేశపు ఏడాది ఆదాయానికి రెండింతలు. జాజి చెట్లలో చాలావరకు కూలిపోయాయి. అంతకు ముందు 1955లో జానెట్ కూల్చింది. జానెట్‌కీ ఐవన్‌కీ మధ్య నలభై తొమ్మిదేళ్లు, తోటలు పెరిగాయి, పిల్లలు చదువుకున్నారు. ఐవన్ తర్వాత పది నెలలకే ఎమిలీ. ఇరవయ్యేళ్లకి బెరిల్, ఈసారి ఉత్తరాన.

కొబ్బరి రైతు బిడ్డగా నాకు అసలు బాధ అర్థమైంది చెట్టు సంగతి విన్నాకే. జాజి మొక్క నాటితే కాపుకి రావడానికి ఏడెనిమిదేళ్లు. పూత వచ్చేదాకా అది మగదో ఆడదో తెలియదు. మగదైతే కాయదు. అంటే ఐవన్ ఏడాది నాటినవాడికి 2011 దాకా తన పొలంలో ఏముందో తెలియదు. మా నాన్న 1996 తుపానులో రెండెకరాల కొబ్బరి పోగొట్టుకుని మళ్లీ నాటినప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. కాపు వచ్చేసరికి నేను ఊళ్లో లేను, హైదరాబాదులో ఉద్యోగం. ఇక్కడా అదే లెక్క. చెట్టు వచ్చేలోపు కొడుకు న్యూయార్క్ వెళ్లిపోతాడు. నాటే చేతులు ముసలివైపోయాయని ఆవిడ అంటుంటే నేను కాళ్లవంక చూస్తూ నిలబడ్డాను. దారంతా జాజి పెంకులే పరిచారు, కంకరకి బదులు.

స్టేషను బయట రోటీ తిన్నాం. పప్పు పొడి కూరిన చపాతీలో మేక కూర చుట్టి ఇచ్చారు, పదిహేను డాలర్లు. మన తిండే, ఎవరో సగం మరిచిపోయి చెప్పినట్టు ఉంది. 1857 మే 1న మెయిడ్‌స్టోన్ అనే ఓడ కలకత్తా నుంచి తెచ్చిన కూలీలతో ఈ దీవికి వచ్చింది. వాళ్ల భాష పోయింది. రోటీ, భాజీ, కూర పొడి మిగిలాయి.

ఫిబ్రవరి 5, 6. క్యారియాకూ

గ్రెనడా దేశంలో రెండో దీవి ఇది. పడవలో రెండు గంటలు. మధ్యలో కిక్-ఎమ్-జెనీ అని సముద్రం అడుగున అగ్నిపర్వతం, 2015లో కూడా బద్దలైంది. పడవ దాన్ని చుట్టుకుని వెళుతుంది. అక్కడ సముద్రం ఎగిసిపడుతుంటే కాబోయే డాక్టరమ్మ సంచిలో తలపెట్టి వాంతులు. "నువ్వు మాట్లాడకు మావయ్యా" అంది. మాట్లాడలేదు.

హిల్స్‌బరో రేవు కనిపించగానే పడవలో మాటలు ఆగిపోయాయి. కొండంతా నీలం. టార్పాలిన్లు. ఏడు నెలలైనా ఇంకా. 2024 జులై 1 ఉదయం పదకొండు దాటగానే బెరిల్ కన్ను సరిగ్గా ఈ దీవి మీద దిగింది, గంటకి 240 కిలోమీటర్ల గాలి. అరగంటలో దీవి నేలమట్టమైందని ప్రధాని డికన్ మిచెల్ చెప్పింది అతిశయోక్తి కాదని రేవులోనే తెలిసింది. నూటికి తొంభైకి పైగా ఇళ్లు దెబ్బతిన్నాయి. ఆ రాత్రికే ఆ గాలివాన ఐదో కేటగిరీ అయింది, అన్నిటికన్నా పై స్థాయి. అట్లాంటిక్ లెక్కల్లో ఏ ఏడాదీ జులై మొదట్లోనే ఆ స్థాయికి చేరిన హరికేన్ లేదు. సముద్రం జులైకే సెప్టెంబరులో ఉన్నంత వేడెక్కింది మరి.

మేం దిగిన ఇంటావిడకి అరవై దాటాయి. సగం ఇంటికి కొత్త రేకు, సగానికి టార్పాలిన్ పట్టా. గది చూపించి, బాత్రూంలో ఒక బకెట్టు చూపించి, "ఇదే, ఇద్దరికీ" అంది. నాకు విచిత్రంగా అనిపించింది, చుట్టూ సముద్రం, ఇంటికింద పెద్ద సిమెంటు తొట్టి. అప్పుడు చెప్పింది. క్యారియాకూలో ఏరు లేదు, వాగు లేదు. ప్రతి ఇల్లూ తన పైకప్పు మీద పడిన వాన నీటిని గొట్టంతో తొట్టిలోకి దింపుకుంటుంది. ఏడాదంతా అవే తాగాలి. రేకు ఎగిరిపోతే ఇల్లు తడవడమే కాదు, ఆ ఏడాది నీళ్లు పోతాయి. తొట్టిలో ఉన్నవాట్లో ఉప్పు నీరూ చెత్తా పడ్డాయి. వానాకాలం మధ్యలో దీవి మొత్తానికి పైకప్పు లేదు, కాబట్టి పడిన వానంతా నేలపాలు. ఇప్పుడు ఎండాకాలం.

వార్తల్లో "ఇళ్లు ధ్వంసం" అని చదివితే నాకు గోడలు గుర్తొస్తాయి. ఇక్కడ పైకప్పు అంటే చెరువు.

మరి ఎందుకు వేసుకోలేదంటే దానికీ లెక్కుంది. కర్ర రావాలి, రేకు రావాలి, ఓడ మీద, గ్రెనడాకి, అక్కడి నుంచి ఇక్కడికి. వడ్రంగులు అరడజను మంది, ఇళ్లు వేలు. ఇంటి బీమా చాలామందికి లేదు. డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందంటే ఆవిడ వేళ్లు ముడిచింది: బ్రూక్లిన్‌లో అక్క, ఇంగ్లండులో హడర్స్‌ఫీల్డ్‌లో కొడుకు. ఇక్కడి జనం సగం అక్కడే ఉన్నారనిపించింది. దేశానికి మాత్రం కరీబియన్ దేశాల ఉమ్మడి విపత్తు బీమా నిధి సీసీఆర్ఐఎఫ్ నుంచి నాలుగు కోట్ల అమెరికా డాలర్లకు పైగా వచ్చింది. బార్బడోస్ డ్రైవరు చెప్పిన షరతు లాంటిదే గ్రెనడా బాండులోనూ ఉంది. బెరిల్ తర్వాత దాన్ని వాడి వాయిదాలు వెనక్కి జరిపారు, ప్రపంచంలో ఇలా వాడుకున్న మొదటి దేశం ఇదే. మంచిదే. వాయిదా వెనక్కి జరిగింది, పోలేదు. ఆవిడకి ఇదంతా చెబితే "అవునా, మంచిది" అని టార్పాలిన్ తాడు బిగించుకుంది.

రాత్రి భోజనం మొక్కజొన్న సంకటి, ఏదో గింజల పులుసు. నోట్లో పెట్టుకోగానే ఆగాను. పచ్చి కందులు! పిజన్ పీస్ అంటారు, దీవంతా పండిస్తారు. గాలివానకి మొదటి పంట కొట్టుకుపోతే ఆలస్యంగా వేసిన రెండోదట ఇది. మా ఊళ్లో వీటిని ఎండబెట్టి పప్పు చేస్తామని చెబితే పచ్చివి తినకుండా ఎందుకు ఎండబెడతారని జాలిపడింది. నాకూ జవాబు దొరకలేదు.

మర్నాడు టిరెల్ బే. గాలివాన కబురు తెలియగానే చుట్టుపక్కల దీవుల పడవలన్నీ ఇక్కడి మడ అడవిలోకి దూరి, చెట్లకి కట్టుకుని దాక్కునేవి. తరాల అలవాటు. బెరిల్ ఆ మడ చెట్లనే ఆకు లేకుండా ఒలిచేసింది. బూడిదరంగు కర్రలు, వాటి మధ్య వెల్లకిలా పడవలు. కోరంగి మడలో చిన్నప్పుడు నావ ఎక్కినవాణ్ణి, ఎండిన మడ అడవి నేనెప్పుడూ చూడలేదు. వేళ్ల దగ్గర చిన్న చిన్న మొలకలు లేస్తున్నాయి, లెక్కపెట్టడం మొదలెట్టి మానేశాను. తిరుగుదారిలో టిబో శ్మశానం. సముద్రం కోసుకుంటూ వచ్చి సమాధులు కొన్నింటిని లాగేసింది, రాళ్లు నీళ్లలో ఉన్నాయి. ఇళ్లు కట్టుకోడానికి ఏళ్ల తరబడి ఈ దీవి తీరాల్లోనే ఇసుక తవ్వారు. అది వాళ్ల తప్పే అనబోయి, గోదావరి ఇసుక లారీలు గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఫిబ్రవరి 7, శుక్రవారం. మళ్లీ సెయింట్ జార్జెస్

1974లో ఈ రోజున గ్రెనడాకి స్వాతంత్ర్యం వచ్చింది. కరెంటు స్తంభాలకి, టైర్లకి, రాళ్లకి, ఎరుపు పసుపు ఆకుపచ్చ రంగులు. మనుషులూ ఆ రంగులే. నాకు పసుపు చొక్కా అంటగట్టింది మా అమ్మాయి.

ఆమె గది కింద వాటాలో ఉండే కుటుంబం పెరట్లో ఆయిల్ డౌన్ వండుతోంది. మూడు రాళ్ల మీద పెద్ద గుండిగ, కట్టెల పొయ్యి, చుట్టూ గరిటె పట్టుకున్న మగాళ్లు, ఎవరి సలహా వాళ్లది. అడుగున సీమపనస ముక్కలు, ఉప్పు మాంసం, పైన కాలలూ. కాలలూ అంటే ఏ వింత ఆకో అనుకున్నాను, చూస్తే చేమాకు. కొబ్బరి పాలు పోశారు. "సాఫ్రన్ ఇవ్వు" అన్నాడొకాయన. ఇంత గుండిగకి కుంకుమపువ్వా, ఎంత ఆస్తిపరులు అనుకునేలోపు ఆయన దోసెడు పసుపు పోశాడు! ఆ పాలు మొత్తం ఇగిరి, అడుగున నూనె తేలేదాకా మూత తియ్యకూడదు. రెండు గంటలు.

ఆ రెండు గంటల్లో ఇంటి పెద్దావిడ నా పక్కన కుర్చీ వేసుకుంది. ఎనభై ఉంటాయి. జానెట్ నాటికి బడి పిల్ల, ఐవన్‌కి ఇల్లు పోయింది, బెరిల్‌కి క్యారియాకూలో చెల్లెలి ఇల్లు. "జానెట్ మొండిది. ఐవన్ దొంగ, రాడనుకుంటే వచ్చాడు. ఎమిలీ చిన్నదే గానీ చెడ్డది" అని, దూరపు చుట్టాల గురించి చెప్పినట్టు చెప్పింది. మీ ఊళ్లో వస్తాయా అంది. చెప్పాను. 1996 నవంబరు 6 రాత్రి, తలుపుకి మంచం అడ్డం పెట్టి మా నాన్న దానికి వీపు ఆనించి కూర్చోవడం, తెల్లారి చూస్తే ఆకాశం మునుపటికంటే పెద్దదిగా కనిపించడం, తోటలో ఒక్క చెట్టూ నిలబడి లేకపోవడం. ఆవిడ అన్నిటికీ తలూపింది.

"దాని పేరేంటి?" అంది.

మాకు అప్పటికి పేర్లు పెట్టే అలవాటు లేదు. 2004 నుంచే మొదలైంది. కోనసీమ తుపాను అంటాం, అంతే అన్నాను.

ఆవిడ కాసేపు నన్ను నమ్మనట్టు చూసింది. "పేరు లేకుండా," అంది, "మరి దాన్ని ఎలా తిడతారు?"

గుండిగ మూత తీశారు.